ఎర్ర చుక్క జత

"బస్సు నడపాలండీ," అన్నాడు పెద్దాయన. కౌంటరు అంచుని రెండు చేతులతో స్టీరింగు పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. "కంప్యూటర్లో. నడిదారిలో ఆగిపోకూడదు, అదొక్కటే నా షరతు. మిగతావి మీరే చెప్పండి."

పెద్దల్లుడు ఆయన్ని పైనుంచి కిందికి ఒకసారి తూచాడు. ఇస్త్రీ చొక్కా, అరిగిన చెప్పులు, జేబులో కళ్లద్దాల డబ్బా. వెనక ఇంకో మనిషి నిలబడి ఉన్నాడు. ఎన్నో ఏళ్లు సంచి మోసినవాడిలా ఎడమ భుజం కాస్త కిందికి దిగి ఉంది.

"మనవడికాండీ?"

"మనవడికెందుకు? వాడికి లైసెన్సు లేదు," అన్నాడు వెనక మనిషి. "ఈయన డ్రైవరు, నేను కండక్టర్ని. కిందటేడు ఇద్దరం ఒకే నెలలో రిటైరయ్యాం. ఈయన నడుపుతాడు, నేను పక్కన కుర్చీ వేసుకుని స్టాపులు చెప్తాను."

"మీరెందుకండీ ఆటలో?"

"కండక్టరు లేకుండా బండి ఎట్లా కదుల్తుంది?"

పెద్దల్లుడు నవ్వాడు. నవ్వుతూనే గల్లా వెనకనుంచి లేచి, షోకేసులో ఉన్న అద్దాల కంప్యూటరు పెట్టెకి స్విచ్చు వేశాడు. లోపల ఆరు ఫ్యాన్లు ఆరు రంగుల్లో తిరిగాయి. అది షాపుకి వచ్చి ఎనిమిది నెలలైంది. దాన్ని వదిలించుకోవడానికి ఇంతకంటే మంచి రోజు రాదనిపించింది.

డ్రైవరు దాన్ని కాసేపు చూశాడు. "నేను రూటు బస్సు నడపాలి బాబూ. సర్కస్ డేరా కాదు."

బెంచి దగ్గరనుంచి ఎవరో ముక్కుతో నవ్వారు. అది చిన్నల్లుడు.

బోర్డు మీద ఏ పేరున్నా వీధిలో ఆ షాపుని అందరూ అల్లుళ్ల షాపనే అంటారు. ఒకే ఇంటి అక్కాచెల్లెళ్లని చేసుకున్న ఇద్దరు దాన్ని నడుపుతున్నారు. కౌంటరు పెద్దల్లుడిది, బెంచి చిన్నల్లుడిది. ఒకరు మాట అమ్ముతారు, ఒకరు చెయ్యి అమ్ముతారు. మాట ఎప్పుడైనా మార్చుకోవచ్చు, చెయ్యి మార్చుకోవడం కుదరదు. ఆ తేడా పెద్దల్లుడికి అప్పటికి పట్టలేదు.

చిన్నల్లుడు చేతిలో పని పక్కన పెట్టి వచ్చాడు. తక్కువ మాట్లాడే మనిషి. మాట్లాడేముందు అవతలివాళ్ల చేతులు చూస్తాడు. "ఏ ఆటండీ? ఒక్క తెరా, మూడు తెరలా? పక్క అద్దాల్లో వెనక బళ్లు కనపడాలా?"

"కనపడాలి," అన్నాడు డ్రైవరు, తనని ఎవరో గుర్తుపట్టినట్టు. "అద్దాలు చూడకుండా ఎట్లా?"

"అయితే డబ్బు లైట్లకి కాదు, గ్రాఫిక్స్ కార్డుకి పెట్టాలి. అది మీ ఇంజను. ప్రాసెసరు డ్రైవరనుకోండి."

"మరి కండక్టరేదీ?" అన్నాడు కండక్టరు.

చిన్నల్లుడు నిజంగానే ఆలోచించాడు. "మదర్‌బోర్డు. అందరికీ కబురు చెప్పేది అదే. అది సరిగ్గా లేకపోతే ఇంజనున్నా బండి కదలదు."

కండక్టరు డ్రైవరు వంక చూసి, విన్నావా అన్నట్టు గడ్డం ఎగరేశాడు.

"ఇక మెమొరీ అంటే సీట్లు," అన్నాడు చిన్నల్లుడు. "మీకు ముప్పై రెండు జీబీ చాలు."

"అరవై నాలుగు వేయించుకోండి, పదేళ్లు తిరిగి చూడక్కర్లేదు," అని మధ్యలో దూరాడు పెద్దల్లుడు. "పైగా మెమొరీకి జీవితకాలం గ్యారంటీ."

"ఆ ఆటకి ముప్పై రెండు మించి పట్టదు అన్నయ్యా. ఖాళీ సీట్లతో బండి తిప్పమంటారా?"

పెద్దల్లుడు వెళ్లి అద్దాల పెట్టె స్విచ్చు ఆపేశాడు. గిరాకీ ముందు తమ్ముడు తన మాట తగ్గించడం ఆ నెలలో అది రెండోసారో మూడోసారో. అతను అలాంటివి మనసులో గుర్తుపెట్టుకునే రకం.

చిన్నల్లుడు అరలోనుంచి ఒక ప్యాకెట్టు తీసి చూపించాడు. లోపల వేలెడు వెడల్పున్న రెండు ముక్కలు పక్కపక్కన ఉన్నాయి. "ముప్పై రెండూ ఒకే ముక్కలో దొరుకుతాయి, కొంచెం చవక కూడా. కానీ అప్పుడు బస్సుకి తలుపొకటే ఉన్నట్టు. ఇట్లా పదహారేసి రెండు పెడితే రెండు తలుపులు. ఎక్కేవాళ్లు ఎక్కుతుంటారు, దిగేవాళ్లు దిగుతుంటారు."

"రెండు తలుపులంటే నాకు చావే. టిక్కెట్టు కొట్టేలోపు సగం మంది దిగిపోతారు," అన్నాడు కండక్టరు.

"విడివిడిగా రెండు కొన్నా అంతేగా?" అన్నాడు డ్రైవరు.

"అంతే కాదండీ. ఈ రెండూ ఒకే రోజు తయారై, కలిపి పరీక్షించిన జత. పైన పేరు ఒకటే ఉన్నా, స్టిక్కరు మీది నంబరులో చివరి అంకె తేడా వస్తే లోపలి చిప్పులు వేరే. మామూలుగా నడుస్తాయి. వేడెక్కి, జోరందుకున్నాక మొరాయిస్తాయి."

డ్రైవరు తలూపాడు. "ముందు టైర్లు రెండూ ఒకే అరుగుదల ఉండాలి. లేకపోతే బండి ఒకవైపు లాగుద్ది."

"ఆ మాటే నాకు చెప్పడం రాలేదు," అన్నాడు చిన్నల్లుడు.

బుధవారం పొద్దున్నే అతను ఆ యంత్రం మొదలుపెట్టాడు. ఏ ముక్క ముట్టుకునేముందైనా బెంచి కాలి ఇనుముని ఒకసారి తాకుతాడు, ఒంట్లో కరెంటు ఏమైనా ఉంటే దిగిపోవాలని. మెమొరీ ముక్కల్ని పిల్లల చెవులు పట్టుకున్నట్టు అంచులతోనే పట్టుకుంటాడు. రెండో గాడిలో ఒకటి, నాలుగో గాడిలో ఒకటి. రెండు బొటనవేళ్లతో ఒకే బరువు వేసి నొక్కితే, చివరల్లో ఉన్న కొక్కేలు టక్కు టక్కుమని పట్టుకున్నాయి. ఆ చప్పుడు వినపడేదాకా ఊపిరి వదలడు.

పరీక్ష మొదలుపెట్టి వదిలేశాడు. అది ఎనిమిది గంటలు నడుస్తుంది. దాని మీద పెద్దల్లుడికి ఎప్పుడూ గొణుగుడే. బయట షాపులవాళ్లు లైటు వెలిగిందా లేదా చూసి పెట్టె కట్టిస్తారు, మనకే ఈ తద్దినం ఏమిటని. గురువారం పొద్దున తెర మీద తప్పులు సున్నా అని వచ్చింది. చిన్నల్లుడు సొరుగులోంచి గోళ్లరంగు సీసా తీసి, రెండు ముక్కల మూల మీదా చెరొక ఎర్ర చుక్క పెట్టాడు. ఒక జతకి ఎరుపు, ఇంకో జతకి నీలం, మరోదానికి గులాబీ. అవన్నీ వాళ్లావిడవే. నా గోళ్లకి లేకపోయినా మీ ముక్కలకి మాత్రం రోజూ సింగారమే అని ఆవిడ దెప్పుతూ ఉంటుంది. చుక్కలు ఆరాక పెట్టె తలుపు బిగించి, మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వెళ్లాడు.

అతను వెళ్లిన పది నిమిషాలకి స్టూడియో ఆయన వచ్చాడు. ఆ వీధిలో పెద్ద గిరాకీ. ఏడాదికి నాలుగు యంత్రాలు కొంటాడు, పదిమందిని పంపిస్తాడు. స్కూటరు ఆపకుండానే గుమ్మంలోంచి అడిగాడు.

"పెద్దల్లుడూ, మెమొరీ ముక్క ఒకటి పోయింది. సాయంత్రానికి వీడియో ఇవ్వాలి. నాకున్నలాంటిదే ఒక్కటి కావాలి. చివరి అంకె కూడా కలవాలట, మీ తమ్ముడు చెప్పాడు."

సొరుగులో విడిముక్క ఒకటి ఉంది. ఎవరో మార్చుకుని వెళ్లినది. పేరు అదే, వేగం అదే, చివరి అంకె వేరు. ఆయన తెచ్చిన అంకెతో కలిసేవి షాపంతటికీ రెండే ఉన్నాయి. ఆ రెండూ బస్సు పెట్టెలో ఉన్నాయి.

పెద్దల్లుడు లెక్క వేశాడు. లెక్క వెయ్యడం అతనికి ఊపిరి తియ్యడం లాంటిది. ఇటువైపు ఏడాదికి నాలుగు యంత్రాల మనిషి. అటువైపు జన్మకి ఒక్కటి కొనే ముసలాయన. బస్సు ఆటకి చివరి అంకెతో పనేమిటి? వచ్చిన గిరాకీని ఉత్తచేతులతో పంపితే అది దారి మర్చిపోతుంది. అతను బెంచి దగ్గరికి వెళ్లి స్క్రూలు విప్పాడు. ఇనుము ముట్టుకోవడం గుర్తు రాలేదు. కొక్కెం నొక్కి ఒక ముక్క పీకి, దాని చోట సొరుగులోది పెట్టాడు. స్విచ్చు వేస్తే లైటు వెలిగింది. తెర మీద ముప్పై రెండు అని చూపించింది. లెక్క సరిపోయింది.

"ఈ ఎర్ర చుక్క ఏమిటి?" అన్నాడు స్టూడియో ఆయన.

"పరీక్షించిన గుర్తండీ. ఈ చుక్క ఉంటే ఇక తిరుగులేదు."

తమ్ముడు రాగానే చెప్పాలనుకున్నాడు. కానీ చిన్నల్లుడూ, డ్రైవరు ఎక్కిన ఆటో ఒకేసారి గుమ్మం ముందుకి వచ్చాయి. డ్రైవరు లోపలికి వస్తూనే తన పెట్టె మీద చెయ్యి వేశాడు, బానెట్టు మీద వేసినట్టు. చిన్నల్లుడు పొద్దున తను బిగించిన తలుపు అలాగే ఉందనుకుని, స్క్రూ తల మీద ఎర్ర రంగు చుక్క పెట్టాడు. కొనేవాళ్ల ముందే ఆ చుక్క పెట్టడం అతని అలవాటు.

"ఇది చెదరనంతవరకు లోపల ఏం జరిగినా పూచీ నాది," అన్నాడు.

పెద్దల్లుడు నోరు తెరిచాడు. బయట ఆటో అతను హారను కొట్టాడు. అతను నోరు మూసుకుని, పెట్టె ఒకవైపు పట్టుకుని సాయం చేశాడు.

సోమవారం పదకొండు గంటలకి అదే పెట్టె వెనక్కి వచ్చింది. అప్పుడు షాపులో స్టూడియో ఆయన ఉన్నాడు, కేబులు కోసం. కీబోర్డు చూసుకుంటున్న ఒక అమ్మాయి ఉంది. ఒక్కొక్క మీట చెవి దగ్గర పెట్టుకుని నొక్కి చప్పుడు వింటోంది. అరగంటగా నాలుగు కీబోర్డుల మధ్య తేల్చుకోలేకపోతోంది.

"వంతెన ఎక్కేసరికి ఆగిపోతోందండీ," అన్నాడు కండక్టరు. "ముందు బొమ్మ బిగుసుకుపోతుంది. తర్వాత తెరంతా నీలం. నాలుగుసార్లు. బస్సు నిండా జనం."

డ్రైవరు కుర్చీలో కూర్చుని చేతులు మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. "నా తప్పేమో అనుకున్నాను. వయసైపోయింది కదా, ఏదో నొక్కి ఉంటానని. మూడు రోజులు నన్ను నేనే తిట్టుకున్నాను. ముప్పై రెండేళ్ల సర్వీసులో నడిదారిలో జనాన్ని దింపింది లేదు." ఆగి, పెద్దల్లుడి వంక చూశాడు. "పరీక్ష చేసే ఇచ్చారా?"

అడిగినవాడు కోపంగా అడిగి ఉంటే పెద్దల్లుడు కోపంతోనే తప్పించుకునేవాడు. ఆయన మామూలుగా అడిగాడు. స్టూడియో ఆయన కేబులు చూడడం ఆపి ఇటు తిరిగాడు. షాపు పేరు ఒక్కసారిగా కౌంటరు మీదికి వచ్చి కూర్చున్నట్టయింది.

"అమ్మడం వరకే నా పనండీ. లోపలి సంగతి బెంచిది," అన్నాడు. అక్కడితో ఆపవచ్చు. ఆపలేదు. "ఏం తమ్ముడూ, ఒకటికి రెండుసార్లు చూసుకుని ఇవ్వద్దూ? ఈమధ్య మనిషి ఇక్కడ ఉంటే మనసెక్కడో ఉంటోందండీ. ఇంట్లో కూడా అంటున్నారు."

ఇంట్లో ఎవరూ అనలేదు. మాటకి బరువు కావాలని చేర్చాడు, పెద్ద పొట్లానికి దారం ఇంకో చుట్టు తిప్పినట్టు.

చిన్నల్లుడు పెట్టెని బెంచి మీద పడుకోబెట్టాడు. స్క్రూ మీద ఎర్ర చుక్క చెదరలేదు. విప్పాడు. తలుపు తీశాడు. టార్చి వేసి లోపలికి వంగాడు.

అప్పుడు పెద్దల్లుడికి గుర్తొచ్చింది. గుర్తు రావడం అనడం కూడా సరికాదు. గురువారంనుంచి అది అక్కడే ఉంది, ఇప్పుడు దాని మీద టార్చి పడింది.

చిన్నల్లుడు రెండు ముక్కలూ తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. ఒకదాని మూల ఎర్రగా ఉంది. రెండోదాని మూల ఖాళీగా ఉంది. దాని మీద బొటనవేలితో నెమ్మదిగా రుద్దాడు, చుక్క ఏమైనా రాలిపోయిందా అన్నట్టు. తర్వాత తలెత్తి కౌంటరు వైపు చూశాడు. ఆ చూపులో నిందేమీ లేదు. చెల్లని నోటు ఇచ్చినవాడికి దాన్ని తిప్పి చూపించి, మార్చిస్తాడేమోనని ఆగినట్టు ఆగాడు.

పెద్దల్లుడు బిల్లు పుస్తకం సర్దుకున్నాడు.

"పొరపాటు జరిగిందండీ," అన్నాడు చిన్నల్లుడు డ్రైవరుతో. "కొత్త జత వేసి, పరీక్షించి రేపు సాయంత్రం నేనే ఇంటికి తెచ్చి ఇస్తాను."

"పర్వాలేదు బాబూ. బ్రేకు డౌను ఎవరికైనా వస్తుంది."

కీబోర్డు అమ్మాయి చివరికి ఒకటి తేల్చుకుంది. కౌంటరు మీద పెట్టి, గొంతు తగ్గించింది. ఎంత తగ్గించినా అది చిన్న షాపు. "దీన్ని మీరే చెక్ చేసి ఇవ్వండి అంకుల్. ఆయన వద్దు."

"అలాగేనమ్మా," అన్నాడు పెద్దల్లుడు.

బెంచి దగ్గర స్క్రూడ్రైవరు ఒక్క క్షణం ఆగి, మళ్లీ తిరిగింది.

ఎర్ర చుక్క ముక్కని చిన్నల్లుడు సొరుగులో వెయ్యలేదు. స్క్రూల డబ్బాకి ఆనించి, బెంచి మీద నిలబెట్టాడు. కౌంటరునుంచి చూస్తే సరిగ్గా కనపడేలా.

మంగళవారం అంతా అది అక్కడే ఉంది. చిన్నల్లుడు మాట్లాడకుండా ఏమీ లేడు. కేబులుందా అంటే ఉందన్నాడు, టీ తాగుతావా అంటే తాగానన్నాడు. సాయంత్రం తనే పెట్టె మోసుకెళ్లి ఇచ్చి వచ్చాడు. పెద్దల్లుడు మధ్యాహ్నం ఒకసారి లేచి బెంచిదాకా వెళ్లాడు. "తమ్ముడూ," అన్నాడు. చిన్నల్లుడు చేతిలో పని ఆపి మొత్తం ఇటు తిరిగాడు. అంత పూర్తిగా తిరుగుతాడని పెద్దల్లుడు అనుకోలేదు. "ఆ స్టూడియో ఆయన కేబులు ఎంత పొడవన్నాడు?" అని అడిగి వెనక్కి వచ్చాడు.

అతని లెక్క అతనికి ఉంది. ఇప్పుడు చెబితే ఏం లాభం? యంత్రం బాగైంది, ముసలాయనకి కోపం లేదు. నాలుగు రోజులు పోతే తమ్ముడు మామూలైపోతాడు. ఒప్పుకుంటే, ఇకమీద గిరాకీ ముందు నోరెత్తినప్పుడల్లా ఆ సంగతి మధ్యలోకి వస్తుంది. పెద్దరికం అనేది గాజుపెట్టె లాంటిది. ఒక గీత పడితే సగం ధరకి కూడా పోదు. ఇలా అన్నివైపులా చూసి, చెప్పకపోవడమే చవకని తేల్చుకున్నాడు.

బుధవారం అన్నం వడ్డిస్తూ భార్య అంది. "చెల్లెలు ఫోను చేసింది. వాళ్లాయన ఈ వారం అన్నం సరిగ్గా తినట్లేదట. బావగారు ఏమన్నా అన్నారా అక్కా అని అడిగింది."

"నేనేమంటాను? అందరికీ నేనే దొరికానా? షాపన్నాక సవాలక్ష ఉంటాయి."

ఆవిడ గరిటె గిన్నెలో పెట్టి అతని మొహం చూసింది. "గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఏమన్నారని అడిగితే ఇంత పొడుగు సమాధానమా? అన్నాననో, అనలేదనో, రెంటిలో ఒకటి చెప్పండి."

"పెరుగు వెయ్యి."

ఆవిడ పెరుగు వేసింది. "ఆయన నోట్లో నాలుక లేని మనిషి. మీరు రెండు నాలుకలతో మాట్లాడకండి, చాలు."

గురువారం చిన్నల్లుడు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. పదకొండింటికి ఒక గంట పనుందని వెళ్లి, గంటన్నరకి వచ్చాడు. వచ్చి చొక్కా చేతులు మడిచి, ఇనుము తాకి, పనిలో కూర్చున్నాడు. పెద్దల్లుడు ఎక్కడికని అడగలేదు. అడిగితే అతనూ ఏదో ఒకటి అడుగుతాడేమోనని భయం. ఆ ముక్క స్క్రూల డబ్బాకి ఆని నిలబడే ఉంది. ఆ పూట దాని మీద చిన్నల్లుడు దుమ్ము తుడవడం చూశాడు. మెత్తటి బ్రష్షుతో, రెండు వైపులా. అది చూసేసరికి, బాకీలవాడు అరుగు మీద కూర్చుంటే తలుపు తియ్యనివాడి గతిలా ఉంది తనదని పెద్దల్లుడికి తోచింది.

శుక్రవారం అతను ఒక కొత్త జత ప్యాకెట్టు జేబులో వేసుకుని స్టూడియోకి వెళ్లాడు.

"పనిచేస్తున్నదాన్ని ఎందుకు తీస్తారు?" అన్నాడు స్టూడియో ఆయన.

"ఆ చుక్క ఉన్న ముక్క కావాలండీ. బదులుగా ఈ జత మొత్తం ఇస్తాను. మీ రెండూ తీసేసి ఇవి పెట్టుకోండి."

"ఒకటి తీసుకుని రెండు ఇస్తావా? ఏమయ్యా, ఎండ దెబ్బ తగిలిందా? మీ షాపులో స్క్రూ కూడా ఊరికే రాలదే." ఆయన పెట్టె తలుపు తీస్తూ అడిగాడు. "ఇంతకీ ఎందుకట?"

చెప్పడానికి అదే మంచి సమయం. ఆ రోజు విన్న మనిషే అడుగుతున్నాడు. పెద్దల్లుడి నాలుక ఏళ్ల తరబడి నడిచిన దారినే పోయింది. "మావాడి పట్టుదలండీ. జత విడిపోకూడదంటాడు."

మెట్లు దిగాక ఆ మాట అతని చెవులకి వినపడింది. తప్పుని మళ్లీ బెంచి మీదికే తోశాడు.

శనివారం షాపు తెరిచిన వెంటనే, గిరాకీ రాకముందే, అతను ఆ ముక్కని తీసుకెళ్లి బెంచి మీద పెట్టాడు. స్క్రూల డబ్బాకి ఆని ఉన్నదాని పక్కన. ఇప్పుడు రెండు ఎర్ర చుక్కలు.

"నేనే తీశాను తమ్ముడూ," అన్నాడు. "ఆ గురువారం నువ్వు భోజనానికి వెళ్లినప్పుడు. స్టూడియో ఆయన కోసం. సొరుగులోది ఆ ముసలాయనకి పెట్టాను. చివరి అంకె వేరని తెలిసే పెట్టాను. అందరిముందూ నిన్ను అన్నాను."

చిన్నల్లుడు రెండు ముక్కల్నీ అంచులతో పట్టుకుని దగ్గరికి జరిపాడు. అంచుకి అంచు కలిసేదాకా సర్దాడు. అతని మొహంలో ఏదో సడలింది. ఒక్క క్షణం పెద్దల్లుడికి, బాకీ చెల్లిపోయింది అనిపించింది.

"చెప్పారు," అన్నాడు చిన్నల్లుడు. "మంచిది అన్నయ్యా."

"ఇంక మనసులో పెట్టుకోకు."

"పెట్టుకోను. గురువారం నేను మాట ఇచ్చి వచ్చాను. ఆస్పత్రి స్కానింగు మిషన్లు బాగుచేసే కంపెనీ. సోమవారంనుంచి రమ్మన్నారు."

పెద్దల్లుడు స్టూలు మీద కూర్చున్నాడు. "ఈ ఒక్కదానికా?"

"పొరపాటు ఎవరైనా చేస్తారు. ముక్క మార్చినందుకు కాదు." అతను మాటల కోసం కాసేపు చేతులు చూసుకున్నాడు. "మంగళవారం మీరు ఇక్కడిదాకా వచ్చారు. నేను ఇటు తిరిగాను. మీరు కేబులు పొడవు అడిగారు. బుధవారం కూడా చూశాను. దీన్ని అందుకే ఇక్కడ నిలబెట్టాను. మీరు రోజుకి నాలుగుసార్లు దీని ముందునుంచే టీకి వెళ్లొచ్చారు."

"రెండు రోజులు ముందు చెప్పి ఉంటే?"

చిన్నల్లుడు బెంచి సొరుగు తెరిచి, సర్దడం మొదలుపెట్టాడు. ఇచ్చిన మాట వెనక్కి తీసుకోగల మనిషి అతను కాదు. మరొకరెవరైనా అయితే బేరం ఆడవచ్చు. అతనితో బేరం కుదరదని, ఆ కుదరకపోవడమే ఇన్నాళ్లూ షాపు సరుకని, పెద్దల్లుడికి అప్పుడు లెక్క తేలింది.

సాయంత్రందాకా చిన్నల్లుడు బెంచి సర్దాడు. స్క్రూలు సైజుల వారీగా వేరు చేశాడు. ఏ పెట్టె ఎవరిదో, ఏది పరీక్షలో ఉందో, ఏది ఇంకా కాలేదో చీటీలు రాసి అంటించాడు. గోళ్లరంగు సీసాలు రుమాలులో కట్టి, ఇంట్లో ఇచ్చెయ్యాలని జేబులో పెట్టుకున్నాడు. ఎర్ర చుక్క జతని కొత్త సంచిలో వేసి మూతి అంటించి కౌంటరు మీద పెట్టాడు.

"ఇది విడగొట్టి అమ్మకండి," అన్నాడు.

సోమవారం డ్రైవరు వచ్చాడు, ఒక్కడే. సంచిలో ఆటకి వాడే స్టీరింగు ఉంది. బల్లకి బిగించే మర వదులైందట. "మీ తమ్ముణ్ణి చూడమను. ఆయనైతే నిదానంగా చూస్తాడు. మొన్న వచ్చినప్పుడు గంటసేపు పక్కన కూర్చుని వంతెన దాటేదాకా చూసి వెళ్లాడు. క్షమించమని కూడా అన్నాడు పాపం."

"మానేశాడండీ."

"అదేమిటి?"

పెద్దల్లుడు చెప్పాడు. ఈసారి నాలుక పాతదారి తొక్కకుండా, ఒక్కొక్క మాటా కాలితో నేల చూసుకుంటున్నట్టు చెప్పాడు. ముక్క తీసింది తనేనని, చుక్క లేనిది పెట్టింది తనేనని, బెంచి మీద తప్పేమీ లేదని. ఇంట్లో అంటున్నారన్నది కూడా అబద్ధమని.

డ్రైవరు స్టీరింగుని కౌంటరు మీద పెట్టి, దాని చుట్టూ చేతులు వేసుకుని విన్నాడు.

"ఆ రోజు ఇక్కడ ఎంతమంది ఉన్నారు?"

"మీరు, మీ కండక్టరుగారు, స్టూడియో ఆయన. కీబోర్డు కొన్న అమ్మాయి."

"ఇప్పుడు ఎంతమందిమి ఉన్నాం?"

పెద్దల్లుడు ఖాళీ షాపుని ఒకసారి చూశాడు.

"అన్నది నలుగురి ముందు. ఒప్పుకునేది ఒక్కడి ముందు. టిక్కెట్టు సరిపోలేదు బాబూ," అన్నాడు డ్రైవరు. కోపంగా కాదు, చిల్లర తక్కువైందని చెప్పినంత మామూలుగా. "మావాడికి నేను చెప్తాలే. మిగతా ఇద్దరికీ నువ్వు చెప్పు."

స్టూడియో ఆయనకి ఆ మధ్యాహ్నమే చెప్పాడు. ఆయన కాసేపు నవ్వి, కాసేపు నవ్వడం మానేసి, "మంచి చెయ్యి పోగొట్టుకున్నావయ్యా," అన్నాడు.

ఇక మిగిలింది ఆ అమ్మాయి. బిల్లు పుస్తకం తిరగేశాడు. కీబోర్డు ఒకటి అని ఉంది, పేరు లేదు. ఏ వీధో తెలియదు, చదువుకుంటోందో ఉద్యోగమో తెలియదు. మీటలు చెవి దగ్గర పెట్టుకుని వినడం ఒక్కటే గుర్తు. కీబోర్డుకి ఏదైనా తేడా వస్తే మళ్లీ వస్తుంది. కానీ ఆ రోజు ఆమె అడిగినట్టే అతను ప్రతి మీటా నొక్కి చూసి ఇచ్చాడు. బాగానే పనిచేస్తూ ఉండి ఉంటుంది.

అతను బెంచి దగ్గర కూర్చుని ఇనుము తాకాడు. డ్రైవరుగారి స్టీరింగుకి కొత్త మర వెతుకుతున్నాడు. గుమ్మం తలుపు చప్పుడైనప్పుడల్లా తలెత్తి చూస్తున్నాడు.

ఆ అమ్మాయి ఇంకా రాలేదు.